అగ్రహారం రేవులో పులస

రాజమండ్రికి ఎగువన, గోదావరి గట్టు మీద ఒక ఊరు. అగ్రహారం రేవు మెట్ల దగ్గర, భాద్రపద మాసం, పొద్దు వాలుతున్న వేళ.

"కాదు మాస్టారూ, మళ్ళీ మొదటినుంచి చెప్పండి. మధ్యలో దగ్గారు."

"దగ్గొస్తే దగ్గనా అమ్మాయ్?"

"దగ్గండి. కానీ ప్రతిసారీ సరిగ్గా చేప అన్న మాట దగ్గరే దగ్గుతున్నారు."

"గట్టు మీద గాలి. చల్లగాలి పడదు నాకు."

"సరే, ఫోన్లో వీడియో పెడుతున్నాను. మీ పేరు, చేసిన ఉద్యోగం, తర్వాత ఒక్క వాక్యం. ఈ రేవులో ఎవరూ చేపలు కడగరు. అంతే. ఊఁ, చెప్పండి."

"నా పేరు సూర్యప్రకాశం. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. ఈ అగ్రహారం రేవుని చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నాకు తెలిసినంతవరకు, సాధారణంగా, పచ్చి చేపలు కడగడం అనేది ఈ రేవులో..."

"ఆగండాగండి. పచ్చి చేపలేంటి మాస్టారూ?"

"ఏం, తప్పా?"

"వండిన చేపల్ని ఎవరైనా కడుగుతారా?"

"అందుకే. మాట నిక్కచ్చిగా ఉండాలని."

"మా గైడు మణిశంకర్ గారు వింటే, ఆయన పచ్చి అని ఎందుకన్నాడని నన్ను నిలదీస్తారు. సాధారణంగా వద్దు. నాకు తెలిసినంతవరకు కూడా వద్దు."

"అవన్నీ తీసేస్తే ఇంక మిగిలేదేంటి?"

"నిజం మాస్టారూ."

"ఊఁ."

"ఏంటి, గట్టు వైపు చూస్తున్నారు? ఎవరైనా రావాలా?"

"ఎవరొస్తారు? ఎవరూ రారు. నీకు రాజమండ్రి బస్సు తప్పిపోతుందేమో అని చూస్తున్నాను. వెలుగుండగానే వెళ్ళిపో హైమా. రేపు పొద్దున్న ఫోన్లో చెబుతాను, అప్పుడు రికార్డు చేసుకో."

"రేపు పొద్దున్నే సెమినారు. ఇవాళే కావాలి."

"అయితే ఒకటి చెప్పు. నేను ఒక మాట చెప్పకపోతే ఆగిపోయే పరిశోధన ఏంటది? నిన్న కోడలి ముందు ఏదో చెప్పావు కానీ, నాకు సరిగ్గా ఎక్కలేదు. ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా చెప్పు."

"చెబుతాను. నదిలో ఏ చేపలున్నాయో తెలియాలంటే వల వెయ్యక్కర్లేదు. చేప ఈదుతుంటే దాని ఒంటి జిగురు, పొలుసు, మలం నీళ్ళల్లో కలుస్తాయి కదా. అందులో డీఎన్ఏ ఉంటుంది. ఒక సీసాడు నీళ్ళు తీసి, సన్నటి ఫిల్టరులో వడకట్టి, ఐసు పెట్టెలో ల్యాబుకి పంపిస్తాం. వాళ్ళు ఆ డీఎన్ఏని చదివి అక్షరాలుగా పంపిస్తారు. లక్షల ముక్కలు. నేను కూర్చుని వాటన్నిటినీ కంప్యూటరు చేత, తెలిసిన చేపల డీఎన్ఏ ఉన్న లైబ్రరీతో పోల్చిస్తాను. ఇది బొచ్చె, ఇది శీలావతి, ఇది జెల్ల అని చెబుతుంది."

"చేప కనపడకుండానే."

"చేప కనపడకుండానే. నిజం చెప్పాలంటే నేను చేపని గిన్నెలో ఎప్పుడూ చూళ్ళేదు మాస్టారూ. మా ఇంట్లోనూ తినరు. నాకు చేపంటే ఏ, టీ, జీ, సీ. నాలుగక్షరాలు అటూ ఇటూ మారి వస్తుంటాయి, అంతే."

"ఇక్కడి నీళ్ళల్లో ఏమేం వచ్చాయి?"

"మామూలువే. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, జెల్ల. ఊరి గేదెలు."

"గేదెలా? రోజూ ఆచమనం చేస్తాను నేను ఈ నీళ్ళతో."

"మనుషులు కూడా వచ్చారు."

"మనుషులా?"

"మనిషి ప్రతి సీసాలోనూ ఉంటాడు మాస్టారూ. తీసి పక్కన పెడతాం."

"ఎవరు ఏంటి అన్నది కూడా తెలుస్తుందా? అంటే, ఫలానా మనిషి అని?"

"లేదు లేదు. మనిషి అని తెలుస్తుంది. ఎవరన్నది మేం చూడం."

"అది మంచి పద్ధతి."

"వాటితోపాటు పులస వచ్చింది. ఆషాఢంలో వరద ఎర్రనీళ్ళు తగలగానే, ఇదిగో ఈ మెట్టు మీద కూర్చుని తీసిన సీసాలో. సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కే చేప అది. ధవళేశ్వరం దాకా వస్తుంది. బ్యారేజీ అడ్డం కాబట్టి ఎగువకి రాదంటారు. అది ఇక్కడిదాకా వచ్చిందంటే, వరదకి గేట్లెత్తినప్పుడు ఎక్కి వచ్చిందన్నమాట. దానికి ఇంకా దారి గుర్తుందన్నమాట."

"రాజమండ్రిలో వెతక్కపోయావా? అక్కడ జనం ఎక్కువ, వసతి ఎక్కువ."

"అక్కడ దొరికినా లెక్కలోకి రాదు. హోటళ్ళ మురుగంతా నదిలోకే. ఎవరో తిన్న పులస, ఎవరో కడిగిన గిన్నె. ఈ రేవు అలా కాదు. ఊరికి పైన, మురుగు తగలదు. చేపలవాళ్ళ రేవు మలుపుకి దిగువన, అక్కడి నీళ్ళు వెనక్కి పైకి రావు. ఇక్కడ చూస్తే అన్నీ పురోహితుల ఇళ్ళు. కొన్ని ఇళ్ళల్లో ఉల్లిపాయ కూడా తరగరట."

"బ్లాంకు పెట్టావా?"

"పెట్టాను. ఉత్త నీళ్ళు కూడా ఇలాగే వడకట్టి పంపించాను. శుభ్రంగా వచ్చింది."

"మంచి పిల్లవి. ఒక సందేహం. ఊరికే అడుగుతున్నాను. దొరికిన చేప పచ్చిదో ఉడికిందో తెలుస్తుందా?"

"తెలీదు. ఉడికినా చిన్న చిన్న ముక్కలు మిగులుతాయి, మాకు ఆ మాత్రం చాలు. ఎందుకడిగారు?"

"కెమిస్ట్రీ వాణ్ణి కదా. వేడి తగిలితే ఏమవుతుందా అని."

"మాస్టారూ, మీ సంచిలో కొబ్బరి పీచేంటి?"

"ఏ సంచి?"

"మీ చేతిలోది. చింతపండు కూడా ఉన్నట్టుంది. సంధ్య వార్చుకోవడానికి వస్తారని చెప్పారు మీ కోడలుగారు."

"పంచపాత్ర తోముకోవద్దూ? రాగి కదా, చింతపండు పెడితే గానీ మెరవదు. పెట్టు, ఫోను పెట్టు, చెప్పేస్తాను."

"ఊఁ. పెట్టాను."

"నా పేరు సూర్యప్రకాశం. రిటైర్డు కెమిస్ట్రీ లెక్చరర్ని. ఈ రేవులో మా వీధివాళ్ళెవరూ చేపలు కడగరు. బయటివాళ్ళు వచ్చి కడిగే అలవాటూ లేదు. ఇక గిన్నెల సంగతికి వస్తే..."

"గిన్నెల సంగతి ఎవరడిగారు మాస్టారూ!"

"నువ్వే కదా అన్నావు, ఎవరో కడిగిన గిన్నె అని!"

"అది రాజమండ్రి సంగతి. బాగా వస్తోందనుకున్నాను. మళ్ళీ మొదటికొచ్చింది."

"పోనీ వేరే ఎవరినైనా అడుగు. గుడి పూజారిగారున్నారు."

"అందరినీ అడిగాను. అందరూ మీ పేరే చెప్పారు. సూర్యప్రకాశం మాస్టారు చెబితే ఇంక తిరుగులేదు, రోజూ సాయంత్రం దీపాలవేళ దాకా రేవులోనే ఉంటారు, ఎవరొచ్చేదీ పోయేదీ ఆయనకే తెలుసు అని."

"ఎవరన్నారలా?"

"మొదట అన్నది మీ కోడలే. శ్రీదుర్గగారు."

"శ్రీదుర్గ మంచి పిల్ల. నాకు కాఫీలో పంచదార ఎంతో అడక్కుండానే తెలుసు. అంత మంచి పిల్ల ఇంట్లో ఉంటే మనిషికి కష్టమే."

"కష్టమేంటి?"

"ఏం లేదు. చెప్పు."

"నేను మీకు ఒక మాట దాచకుండా చెబుతాను మాస్టారూ. ఈ నెలతో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఇన్నేళ్ళు నీళ్ళు మోశాను. మిగతా చేపలన్నీ ఊళ్ళో పిల్లలక్కూడా తెలిసినవే. నా థీసిస్‌కి ఉన్నదల్లా ఈ పులస ఒక్కటే. రేపు సెమినార్లో ఎవరో ఒకరు లేస్తారు. అమ్మాయ్, ఎవరింట్లోనో పులుసు పెట్టి గిన్నె కడిగుంటారు అంటారు. హాలంతా నవ్వుతుంది. అప్పుడు నా దగ్గర జవాబుండాలి. ఆ జవాబు మీరు."

"నేను."

"మా అమ్మ మీ స్టూడెంటు. మీరు ల్యాబులో అనేవారట. రీడింగ్ తప్పొస్తే తప్పే రాయండి, మార్కులు పోతే పోతాయి, కల్పించి మాత్రం రాయకండి అని. ఆవిడ ఇప్పటికీ ఇంట్లో పాలు విరిగినా అదే మాట అంటుంది."

"ఆ రోజుల్లో నాకు ఉద్యోగముంది, భార్య ఉంది. కల్పించే అవసరం లేదు. చెప్పడం తేలిక."

"ఆవిడే పంపించింది నన్ను. మాస్టారు ఉన్నదున్నట్టు చెబుతారు, ఆయన మాట పట్టుకుని నువ్వు ధైర్యంగా నిలబడొచ్చు అంది. పెట్టనా? ఇదే ఆఖరు. ఊఁ."

"నా పేరు సూర్యప్రకాశం."

"ఊఁ."

"ఈ రేవులో..."

"చెప్పండి."

"ఆపు."

"ఏమైంది?"

"ఫోను ఆపు. ఆపావా?"

"ఆపాను. ఒంట్లో బాలేదా మాస్టారూ? కూర్చోండి."

"కూర్చుంటాను. నువ్వు కాస్త నదివైపు చూడు. నావైపు చూడకు. నీ సీసాలో పులస ఉందే, అది ఎదురీదుతూ రాలేదు. క్యారేజీలో వచ్చింది."

"క్యారేజీలోనా?"

"మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. కింద గిన్నెలో పులుసు, పైన అన్నం, ఆ పైన మజ్జిగ."

"ఎవరి క్యారేజీ?"

"నేను తినే క్యారేజీ అమ్మాయ్. ఆ గిన్నె కడిగేది నేనే."

"మీరు? మీరు పులస తింటారా?"

"తింటాను."

"రోజూనా?"

"రోజూ పులస తినడానికి నేనేమైనా జమీందారునా? ఎర్రనీళ్ళ కాలంలో, అప్పుడప్పుడు. మిగతా రోజుల్లో ఆనపకాయే. ఈ మెట్టు మీదే కూర్చుని తింటాను. ఇదే మెట్టు."

"ఇక్కడే కడుగుతారా?"

"ఇంట్లో కడిగితే వాసన. అందుకని పీచుతో తోమి, చింతపండు పెట్టి, బూడిద పెట్టి, బాగా జాడిస్తాను. చదువుకున్న చదువు ఊరికే పోలేదు. గిన్నెకి ఒక్క జిడ్డు చుక్క మిగలదు."

"గిన్నెకి మిగల్లేదు మాస్టారూ. మీరు జాడించిందంతా నదిలోకి వచ్చింది. నేను తీసుకున్నది నదినే."

"ఆ సంగతి నిన్న నువ్వు వడకట్టడం గురించి చెబుతుంటే తట్టింది. దగ్గు అప్పుడే మొదలైంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"మా ఆవిడ లలితాంబ పోయినప్పటినుంచి. మూడేళ్ళు. మొదట కొన్నాళ్ళు నేను అన్నం దగ్గర కూర్చునేవాణ్ణి, లేచేవాణ్ణి. శ్రీదుర్గ లోపమేం లేదు. బాగానే వండుతుంది. మెతుకు దిగేది కాదు. అప్పుడు ఒకరు క్యారేజీ తెచ్చి, పులసండీ, గోదావరి ఒడ్డున పుట్టి పులస తినకుండానే పోతారా అన్నారు. పేరు వినగానే, ఏంటో, చెయ్యి పెట్టాను. గిన్నె ఖాళీ అయ్యాక చూసుకున్నాను."

"ఎవరు వండారు?"

"అది నీ థీసిస్‌కి అవసరమా?"

"లేదు."

"అయితే వదిలెయ్. నేను తింటానని తెలిస్తే నన్ను నాలుగు మాటలంటారు, పడతాను. వండింది ఎవరో తెలిస్తే ఆ మాటలు ఇంకో గుమ్మం దాకా వెళతాయి. అందుకే ఈ దొంగతనం."

"ఎలా ఉంటుంది మాస్టారూ పులస? నేను దాని అక్షరాలన్నీ బట్టీ పట్టాను, రుచి మాత్రం తెలీదు."

"ఏమని చెప్పను? అందరూ ముళ్ళు ముళ్ళు అని భయపెడతారు. నాకు ఒక్క ముల్లూ తగల్లేదు. అలవాటు లేనివాణ్ణని ఆవిడ అన్నీ ఏరి పెడతారు."

"ఆవిడా?"

"వండినవాళ్ళు. ఏడుస్తున్నావా?"

"లేదు. పొగ."

"ఇక్కడ పొగేదీ?"

"మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు మాస్టారూ."

"తెలిసేది కాదు. అక్కడే చిక్కొచ్చింది. నువ్వు అనుమానించి ఉంటే బొంకేవాణ్ణి. పూర్తిగా నమ్మి కూర్చున్నావు."

"నేను మణిశంకర్ గారికి చెప్పేస్తాను. ఇప్పుడే. లేకపోతే రేపు ఆయనే ముందు లేచి ప్రకటిస్తారు. మీ పేరు చెప్పను. గిన్నె కలిసిందట, పులస తీసేయండి అంటాను, అంతే."

"థీసిస్?"

"జెల్లలూ గేదెలూ ఉన్నాయి కదా. రింగవుతోంది. ఎత్తట్లేదు."

"మళ్ళీ చెయ్యి."

"చేస్తున్నాను. తొందరపెట్టకండి మాస్టారూ, నాకేం సంతోషంగా లేదు."

"సూర్యప్రకాశం గారూ! ఇవాళ కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకండి. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి... అయ్యో. ఎవరో ఉన్నట్టున్నారే. నేను ఇలా ప్రార్థనకి వెళుతున్నానండి. ఈ గట్టు మీంచి. ఊరికే."

"రండి టీచరుగారూ. ఆ క్యారేజీ చీరకొంగులో దాచక్కర్లేదు, ఒలికిపోతుంది. అమ్మాయికి చెప్పేశాను."

"ఏం చెప్పేశారు?"

"క్యారేజీ సంగతి."

"నా పేరు కూడానా?"

"లేదు. ఇప్పుడు మీరే వచ్చి చెప్పుకున్నారు. హైమా, ఈవిడ సంపూర్ణమ్మ టీచరుగారు. మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యారు. మా లలితాంబా ఈవిడా ఒకే స్కూలు, ఒకే బస్సు. ముప్ఫయ్యేళ్ళు పక్కపక్క సీట్లు."

"నమస్తే టీచరుగారూ."

"దీవెనలు తల్లీ. ఎందుకు చెప్పారండీ? ఇన్నాళ్ళూ గుట్టుగా ఉంది కదా. రేపు మా చర్చి సందులో ఏమనుకుంటారు, మీ వీధిలో ఏమనుకుంటారు? నా సంగతి సరే, మీ కోడలి ముందు తలెత్తగలరా?"

"చెప్పక తప్పలేదు. ఈ అమ్మాయి రేవు నీళ్ళు తీసి పరీక్ష చేయించింది. అందులో పులస వచ్చింది. నదిలో పులస ఇక్కడిదాకా వచ్చిందని పాపం థీసిస్ రాసుకుంది. అది మన గిన్నె కడిగిన నీళ్ళు."

"నీళ్ళల్లో పులసా?"

"అవును టీచరుగారూ. దాని డీఎన్ఏ."

"ఎప్పటి నీళ్ళు?"

"ఆషాఢంలో, ఎర్రనీళ్ళు వచ్చిన కొత్తలో."

"పులసేనని ఖాయమా తల్లీ? బొచ్చె అయ్యుండదా?"

"బొచ్చె వేరే దొరికింది. అది ఈ నీళ్ళల్లో మామూలే. పులసకి అక్షరాలే వేరు, కంప్యూటరు ఈ రెంటి దగ్గరా పొరబడదు."

"పొరబడదా?"

"పడదు."

"మనుషులు పడతారు కదూ."

"ఏంటి టీచరుగారూ?"

"ఏం లేదు. ఇప్పుడు నీ థీసిస్ ఏమవుతుంది?"

"ఏమవుతుంది, పులస తీసేస్తాను. అదిగో, సారు ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టున్నారు, ఎంగేజ్ వస్తోంది. ఇంకోసారి చేస్తాను."

"ఆ ఫోను ఆపు తల్లీ."

"చెప్పెయ్యాలి టీచరుగారూ. ఆలస్యమైతే..."

"ఆపమన్నానా! ఒక్క నిమిషం. సూర్యప్రకాశం గారూ, మీరు కాసేపు అటు వెళ్ళి రండి. ఆ పడవ చూసి రండి."

"ఏ పడవ?"

"ఏదో ఒక పడవ."

"పడవలేం లేవండీ."

"అయితే గాలి పీల్చుకుని రండి. ఈ పిల్లతో ఒక మాట చెప్పాలి నేను."

"నాకు గాలి పడదని మీకు తెలుసు. నా ముందు చెప్పకూడని మాటేంటి?"

"మీ ముందు చెప్పకూడనిది అదొక్కటే ఉంది."

"టీచరుగారూ, నేను ఈ పూట చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాను. ప్రాణం తేలిగ్గా ఉంది. మీరూ చెప్పెయ్యండి, పోతుంది."

"మీకు తేలిగ్గానే ఉంటుంది. తల్లీ, ఆ నీళ్ళల్లో పులస నా గిన్నెలోది కాదు."

"ఎలా చెప్పగలరు?"

"చెప్పగలను."

"అదేంటండీ? ఆషాఢంలో మీరు తేలేదా? వర్షంలో గొడుగేసుకుని తెచ్చారు. నాకు బాగా గుర్తు. నేను ఇదే మెట్టు మీద కడిగాను."

"తెచ్చాను. మీరు కడిగారు. అది బొచ్చె."

"ఏంటి?"

"బొచ్చె అండి. ఊళ్ళో చెరువు బొచ్చె."

"ఆ రోజు బొచ్చె అయితే అవ్వచ్చు. మిగతా రోజుల్లో..."

"మిగతా రోజుల్లోనూ అంతే. మా ఇంట్లో నిన్నటిదాకా పులస ఎప్పుడు వండాను గనక! నా పెన్షనుకి దాని తోక కూడా రాదు."

"మరి ఆ రుచి? ఆ బెండకాయ, వంకాయ, ఆవకాయ నూనె, మర్నాటికి ఇంకా బాగుంటుందనడం, అదంతా?"

"పులస పులుసులో వెయ్యాల్సినవన్నీ వేశాను. పులస తప్ప."

"ముళ్ళు?"

"పులసకి ముళ్ళు ఏరితే ముక్కలో ఇంక తినడానికేం మిగలదు సూర్యప్రకాశం గారూ. బొచ్చెకి పెద్ద ముళ్ళు, ఏరితే వచ్చేస్తాయి. అందుకే ఏరి తెచ్చాను."

"మూడేళ్ళు!"

"బొచ్చె కూర తెచ్చానంటే మీరు చెయ్యి పెట్టేవారా? ఛీ అనేవారు. లలితాంబగారు పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, ఆయన మాట్లాడకపోయినా ఫర్వాలేదు గానీ, అన్నం మానేస్తే చూడండి అన్నారు. మీరు మాట్లాడటమూ మానేశారు, అన్నమూ మానేశారు. మా ఇంట్లో ఆ పూట ఉన్నది బొచ్చె. నోటికి పులస అని వచ్చేసింది. ఒకసారి అన్నాక మళ్ళీ ఎలా మార్చను?"

"ఎర్రనీళ్ళు వెళ్ళగానే ఆనపకాయలోకి దిగిపోయేవారు. అంతా పద్ధతి ప్రకారం చేశారన్నమాట."

"టీచరుని కదండీ. కాలం తప్పితే దొరికిపోతాను."

"నేను తిన్న ప్రతిసారీ ఇంటికెళ్ళి నూటెనిమిది గాయత్రి ఎక్కువ చేసుకున్నాను. పులసకి తగ్గట్టు. బొచ్చెకి అంత అక్కర్లేదేమో."

"నవ్వుతున్నారా, కోప్పడుతున్నారా?"

"తెలీట్లేదండీ. రెండూ ఒకేసారి వస్తున్నాయి."

"మాస్టారూ! టీచరుగారూ! ఆగండి. అంటే నా పులస..."

"నీ పులస నీదే తల్లీ. నా గిన్నెకి దానికీ ఏ సంబంధమూ లేదు."

"అంటే అది నిజంగానే వచ్చింది. బ్యారేజీ దాటి. ఇక్కడికి."

"వచ్చింది."

"వర్షంలో. ఈ మెట్ల కిందనుంచి."

"నేనిక్కడ కూర్చుని బొచ్చె తింటూ పులస పులస అని పొంగిపోతుంటే, అది నా కాళ్ళ కిందనుంచి వెళ్ళిందన్నమాట. అయ్యో ముసలాడా అనుకుని ఉంటుంది."

"మణిశంకర్ గారు ఎత్తకపోవడం ఎంత మంచిదైంది! నేను ఆయన్ని తిట్టుకున్నాను కూడా."

"రికార్డింగ్ పెట్టు అమ్మాయ్."

"వద్దు మాస్టారూ. గిన్నె సంగతి చెప్పకుండా రేపటికి ఏదో చూసుకుంటాను."

"గిన్నె సంగతి చెప్పకపోతే రేపు ఎవరో చెబుతారు. అప్పుడు నీ పులసకీ నా పులసకీ తేడా ఉండదు. పెట్టు."

"శ్రీదుర్గ వింటే?"

"శ్రీదుర్గకి నేనే చెబుతాను టీచరుగారూ. వీడియో కంటే ముందు."

"అయితే నేనూ చెబుతాను. ఆయన పులస అనుకుని తిన్నానంటారు. అది కాదని చెప్పడానికి నేనే కదా సాక్షిని? అబద్ధమాడానని ఒక టీచరు తన నోటితో ఒప్పుకుంటే ఎవరైనా నమ్మాల్సిందే."

"మీ చర్చిలో?"

"చేప వండటం మాకు తప్పు కాదండి. అబద్ధమాడటం తప్పు. ఎలాగూ ఎక్కడో ఒకచోట చెప్పాలి."

"సరే, నిలబడండి ఇద్దరూ. ఇలా, నది వెనక పడేలా. కాస్త దగ్గరగా జరగండి."

"ఇంతా?"

"ఇంకొంచెం మాస్టారూ. టీచరుగారు సగమే పడుతున్నారు."

"జరగండి సూర్యప్రకాశం గారూ, ఎవరేమనుకుంటారు ఇంక! చెప్పేదే చెబుతున్నాం."

"ఊఁ. పెట్టాను."

"నా పేరు సూర్యప్రకాశం. కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. అగ్రహారం రేవులో చేపల కూర గిన్నె కడిగే మనిషి నాకు తెలిసి ఒక్కడే. అది నేను. మూడేళ్ళుగా కడుగుతున్నాను. అది పులస అనుకున్నాను. కాదు."

"నా పేరు సంపూర్ణమ్మ. ఆ కూర వండింది నేను. ఈ మూడేళ్ళూ ఆయన తిన్నది బొచ్చె. పులస అని చెప్పింది నేను. ఆయనకి తెలీదు. చాలా తల్లీ?"

"చాలు. చాలు టీచరుగారూ. మాస్టారూ, ఈసారి ఒక్కసారి కూడా దగ్గలేదు మీరు."

"గాలి తగ్గింది."

"ఒక్క పని మిగిలింది. మీ మాట మీదే వదిలేయడం ఎందుకు? ఇవాళ్టి కూరలో చిన్న ముక్క ఈ సీసాలో వెయ్యండి. ల్యాబుకి పంపిస్తాను. బొచ్చె అని రిపోర్టు వస్తే ఇంక ఎవరూ నోరెత్తరు. ఆ రిపోర్టు వచ్చేదాకా రేపు పులస దొరికిందని కాదు, దొరికినట్టుంది అనే చెబుతాను."

"తియ్యి తియ్యి. ముక్కే కదా. చిన్నది తీసుకో కానీ. ఆకలేస్తోంది నాకు. టీచరుగారూ, మూత తియ్యండి."

"ఇవాళ్టిదా?"

"ఆఁ. ఏం?"

"ఇవాళ్టిది పనికిరాదు తల్లీ."

"ఎందుకు?"

"మా తమ్ముడి కొడుకు సుకుమార్‌కి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందుకుని పొద్దున్నే ధవళేశ్వరం వెళ్ళాడు. అత్తా, ఇన్నాళ్ళూ ఎవరికో పులస అని చెప్పి ఏదో పెడుతున్నావు, ఈ ఒక్కసారి నిజంగా పెట్టు అని తెచ్చిచ్చాడు. గట్టు పొడుగునా గుండె దడే నాకు. ముల్లు తగిలితే ఈయనకి తెలిసిపోతుందే, ఇన్నాళ్ళదీ బయటపడుతుందే అని."

"అంటే టీచరుగారూ, ఆ గిన్నెలో ఉన్నది..."

"నిజం పులసండి. ముళ్ళుంటాయి, చూసుకుని తినండి."

"మాస్టారూ, మీకు దండం పెడతాను. ఆ గిన్నె మాత్రం ఇంటికి తీసుకెళ్ళి కడుక్కోండి!"